రాష్ట్రం దాటిన సరుకు, చిన్న అమ్మకందారు, జీఎస్టీ

ఈరోజు పన్ను గురించి మాట్లాడుకుందాం. పన్ను సంగతి ఆడిటర్లు చూసుకుంటారు, మనకెందుకు అనుకోవద్దు. ఇంట్లో పచ్చళ్లు పట్టి ఫోన్‌లో ఆర్డర్లు తీసుకుంటున్న అక్కచెల్లెళ్లున్నారు. నేసిన చీరను ఫోటో తీసి ఆన్‌లైన్లో అమ్మకానికి పెడుతున్న నేతన్నలున్నారు. చదువు పూర్తిచేసి సొంతంగా చిన్న వ్యాపారం మొదలుపెట్టాలనుకుంటున్న యువతీయువకులున్నారు. ఈ మాటలు ముఖ్యంగా వాళ్లకోసం. వాళ్ల దగ్గర కొనే మనందరికోసం కూడా.

ఒక ఉదాహరణతో మొదలుపెడదాం. జగ్గయ్యపేటలో ఒకావిడ ఆవకాయ పట్టి ఒక ఈ-కామర్స్ యాప్‌లో అమ్ముతున్నారనుకుందాం. ఏడాదికి నాలుగైదు లక్షల రూపాయల అమ్మకం. జీఎస్టీ రిజిస్ట్రేషన్ లేదు. ఆమె ఒక సీసా ఇచ్ఛాపురం పంపించారు. అది ఆరువందల కిలోమీటర్లకు పైగా దూరం. కోస్తా వెంబడి ఒడిశా అంచుదాకా వెళ్లాలి. అయినా చట్టానికి అభ్యంతరం లేదు. అదే ఆవకాయ, అదే సీసా, కోదాడకు పంపాలనుకున్నారు. కోదాడ పక్క ఊరే. గరికపాడు దాటితే వచ్చేస్తుంది. కానీ పంపడానికి వీల్లేదు. ఎందుకంటే కోదాడ తెలంగాణలో ఉంది. రాష్ట్ర సరిహద్దు దాటి సరుకు అమ్మాలంటే ఆమె ముందుగా జీఎస్టీ రిజిస్ట్రేషన్ తీసుకోవాలి. అమ్మకం ఎంత తక్కువైనా సరే, మొదటి సీసాకే తీసుకోవాలి. 2014 జూన్ 2కు ముందు ఈ రెండు ఊళ్లూ ఒకే రాష్ట్రంలో ఉండేవి. ఊళ్ల మధ్య దూరం మారలేదు. ఆవకాయ మారలేదు. మారింది సరిహద్దు ఒక్కటే. మరోసారి చెబుతున్నాను. రాష్ట్రం లోపల ఆరువందల కిలోమీటర్లు పంపితే రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. రాష్ట్రం దాటి పక్క ఊరికి పంపితే తప్పనిసరి. ఈ తేడా న్యాయం కాదని, దీన్ని సరిచేయడం వల్ల ఖజానాకు చెప్పుకోదగ్గ నష్టమేమీ లేదని మీ ముందు వాదించబోతున్నాను.

ముందు చట్టం ఏం చెబుతోందో చూద్దాం. మామూలుగా సరుకులు అమ్మే వ్యాపారికి ఒక పరిమితి ఉంది. ఏడాది టర్నోవర్ ఆ పరిమితి దాటేదాకా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. ఆంధ్రప్రదేశ్‌లో అది 40 లక్షల రూపాయలు. తెలంగాణ ప్రభుత్వం 20 లక్షల దగ్గరే ఉండాలని నిర్ణయించుకుంది. అయితే జీఎస్టీ చట్టంలో 24వ సెక్షన్ అని ఒకటుంది. పరిమితితో నిమిత్తం లేకుండా ఎవరెవరు రిజిస్ట్రేషన్ తీసుకోవాలో ఆ సెక్షన్ చెబుతుంది. పన్ను పడే సరుకును వేరే రాష్ట్రానికి అమ్మేవాళ్లు అందులో ఉన్నారు. కొన్ని హస్తకళా వస్తువులకు మాత్రం షరతులతో సడలింపు ఉంది. ఆర్డరు పెద్ద యాప్‌లో వచ్చిందా, వాట్సాప్‌లో వచ్చిందా, ఫోన్‌లో చెప్పారా అన్నది ఇక్కడ లెక్కలోకి రాదు. సరుకు ఎక్కడికి చేరింది? చట్టం అడిగే మొదటి ప్రశ్న అదే. ఈ ప్రశ్నను గుర్తుపెట్టుకోండి. సరుకు ఎక్కడికి చేరింది?

ఆ ప్రశ్న అడగడం తప్పు కాదు. జీఎస్టీ మొత్తం ఒక సూత్రం మీద నిలబడి ఉంది. సరుకును ఎక్కడ వాడుకుంటారో, పన్ను ఆ రాష్ట్రానికి చేరాలి. తయారైన చోటికి కాదు, వాడుకున్న చోటికి. అందుకే రాష్ట్రం దాటే అమ్మకం మీద ఐజీఎస్టీ వేస్తారు. దాన్ని కేంద్రం వసూలు చేసి, వాడుకున్న రాష్ట్రానికి దాని వాటా పంపుతుంది. 2017 జులై 1కి ముందు ఈ వ్యవస్థ లేదు. అప్పట్లో సరుకు బయల్దేరిన రాష్ట్రంలో కేంద్ర అమ్మకం పన్ను కట్టేవారు. సరుకు చేరిన చోట కొన్ని రాష్ట్రాలు ప్రవేశ పన్ను అడిగేవి. ఆన్‌లైన్లో కొన్న వస్తువుల మీద కూడా కొన్ని రాష్ట్రాలు దాన్ని విధించాయి. దారిలో చెక్‌పోస్టుల దగ్గర లారీలు బారులు తీరేవి. జీఎస్టీ వచ్చాక ఆ అమ్మకం పన్ను చెక్‌పోస్టులు పోయాయి. అది పెద్ద మేలు. దాన్ని ఎవరూ కాదనకూడదు. కాబట్టి నా వాదన జీఎస్టీ మీద కాదు. వాడుకున్న రాష్ట్రానికి పన్ను చేరాలన్న సూత్రం మీద అసలే కాదు. చిన్నవాడికి ఇచ్చిన పరిమితి సరిహద్దు దగ్గర ఎందుకు మాయమవుతోంది? నా ప్రశ్న అంతవరకే.

ఈ విషయంలో ప్రభుత్వం ఇప్పటికే ఒక మంచి అడుగు వేసింది. మొదట్లో ఈ-కామర్స్ వేదికల ద్వారా సరుకు అమ్మేవాళ్లందరికీ, సొంత రాష్ట్రంలో అమ్మినా సరే, రిజిస్ట్రేషన్ తప్పనిసరిగా ఉండేది. వీధిలో దుకాణం పెట్టుకుంటే పరిమితి దాకా వెసులుబాటు. అదే సరుకు యాప్‌లో పెడితే వెసులుబాటు లేదు. ఇది సరికాదని జీఎస్టీ కౌన్సిల్ గుర్తించింది. 2023 అక్టోబరు 1 నుంచి మార్పు వచ్చింది. పరిమితి లోపు టర్నోవర్ ఉన్నవాళ్లు పాన్ నంబరుతో జీఎస్టీ పోర్టల్‌లో పేరు నమోదు చేసుకుని ఒక ఎన్‌రోల్‌మెంట్ నంబరు తీసుకుంటే చాలు. పూర్తి రిజిస్ట్రేషన్ లేకుండానే సొంత రాష్ట్రంలో ఆన్‌లైన్లో అమ్ముకోవచ్చు. వాళ్లు ఎంత అమ్మారో ఈ-కామర్స్ సంస్థ తన నెలవారీ రిటర్నులో ప్రభుత్వానికి చెబుతుంది. ఇది గమనించండి. చిన్న అమ్మకందారుకు పని తగ్గింది. ప్రభుత్వానికి లెక్క మాత్రం అందుతూనే ఉంది. అయితే దీనికి ఒక గట్టి షరతు పెట్టారు. ఇలా నమోదైనవాళ్లు రాష్ట్రం దాటి అమ్మకూడదు. అలా అమ్మకుండా చూడాల్సిన బాధ్యత ఈ-కామర్స్ సంస్థదే. అంటే మంచి అడుగు పడింది. సరిహద్దు దగ్గర ఆగిపోయింది.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. సేవలు అందించేవాళ్లకు ఈ అడ్డుగోడ లేదు. జగ్గయ్యపేటలోనే మన పచ్చళ్ల ఆవిడ పక్కింట్లో ఒక అమ్మాయి ఉందనుకోండి. ఆమె ఇంట్లో కూర్చుని వెబ్‌సైట్లకు బొమ్మలు గీసిపెడుతుంది. ఆమెకు పని ఇచ్చేవాళ్లు కోదాడలో ఉండొచ్చు, పుణెలో ఉండొచ్చు, గువాహటిలో ఉండొచ్చు. ఏడాది సంపాదన 20 లక్షల రూపాయలు దాటేదాకా ఆమెకు రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. రాష్ట్రం దాటి సేవలందించే చిన్నవాళ్లకు 2017 అక్టోబరులోనే, అంటే జీఎస్టీ మొదలైన కొద్ది నెలల్లోనే, ఈ మినహాయింపు ఇచ్చారు. ఆ తర్వాత నెలలో ఆన్‌లైన్ వేదికల ద్వారా సేవలందించే చిన్నవాళ్లలో చాలామందికి కూడా వర్తింపజేశారు. అది సరైన నిర్ణయం. మరి ఆ గోడకు ఇవతల ఉన్న పచ్చళ్ల ఆవిడ చేసిన తప్పేమిటి? ఇద్దరూ ఇంట్లోనే పనిచేస్తున్నారు. ఇద్దరిదీ చిన్న సంపాదనే. ఒకరు పంపేది కంప్యూటర్ ఫైలు. ఇంకొకరు పంపేది సీసా. ఫైలు సరిహద్దు దాటితే చట్టం ఊరుకుంటుంది. సీసా దాటితే ఊరుకోదు. హస్తకళా వస్తువులకు సడలింపు ఇచ్చారు. సేవలకు సడలింపు ఇచ్చారు. అంటే రాష్ట్రం దాటినంత మాత్రాన చిన్నవాడికి పరిమితి పోనక్కర్లేదని ప్రభుత్వమే ఒప్పుకుంది. ఒప్పుకున్న సూత్రాన్ని అందరికీ వర్తింపజేయమనే నేను కోరుతున్నాను.

రిజిస్ట్రేషన్ తీసుకుంటే పోయేదేముంది, ప్రభుత్వం దానికి రుసుము కూడా తీసుకోదు కదా అని కొందరు అడుగుతారు. నిజమే, రుసుము లేదు. కానీ భారం ఆ రోజుతో తీరిపోదు, ఆ రోజు మొదలవుతుంది. అద్దె ఇంట్లో ఉంటే ఇంటి యజమాని సమ్మతి పత్రం కావాలి. చాలామంది యజమానులు ఇవ్వడానికి వెనకాడతారు. రిజిస్ట్రేషన్ వచ్చాక నెలకోసారో మూడు నెలలకోసారో రిటర్నులు వేయాలి. ఆవకాయ వేసవి సరుకు. మామిడికాయల కాలం దాటాక కొన్ని నెలలు అమ్మకాలే ఉండకపోవచ్చు. అయినా సున్నా అమ్మకం చూపిస్తూ రిటర్ను వేయాలి. మరిచిపోతే రోజుకింత అని ఆలస్య రుసుము పడుతుంది. వరుసగా వేయకపోతే రిజిస్ట్రేషనే రద్దవుతుంది. ఇదంతా సొంతంగా చేసుకోలేనివాళ్లు ఆడిటరు దగ్గరికి వెళ్లాలి. ఇప్పుడు లెక్క చూడండి. నాలుగు వందల రూపాయల పచ్చడి సీసా మీద 5 శాతం చొప్పున పన్ను 20 రూపాయలు. ఆ 20 రూపాయలు కట్టడానికి ఎవరికీ బాధ లేదు. దాన్ని కట్టడానికి పెట్టాల్సిన కాలం, కాగితం, ఫీజు, వాటి గురించే బాధ.

ఇంకో సంగతి ఉంది. ఇది చాలామందికి తెలియదు, కాబట్టి నెమ్మదిగా చెబుతాను. కోదాడకు ఒక్క సీసా పంపడానికి ఆమె రిజిస్ట్రేషన్ తీసుకున్నారనుకోండి. అప్పుడు ఆ ఒక్క సీసా మీదే కాదు, సొంత వీధిలో అమ్మే ప్రతి సీసా మీదా పన్ను కట్టాలి. పరిమితి లోపలే ఉన్నా ఆ వెసులుబాటు ఇక ఉండదు. చిన్న వ్యాపారుల కోసం కాంపొజిషన్ పథకం ఉంది కదా, తక్కువ పన్ను, తక్కువ కాగితాలు, అందులో చేరవచ్చు కదా అంటారు. చేరలేరు. రాష్ట్రం దాటి సరుకు అమ్మేవాళ్లకు ఆ పథకం వర్తించదు. అంటే సరిహద్దు దాటిన ఒక్క సీసా ఆమె వ్యాపారం మొత్తాన్నీ పెద్ద వ్యాపారుల నిబంధనల కిందికి తెస్తుంది. అందుకే చాలామందికి రాష్ట్రం దాటకుండా ఉండిపోవడమే సులువైన దారిగా కనిపిస్తుంది. ఇంటర్నెట్ దేశమంతటినీ ఒకే సంత చేసింది. పన్ను నిబంధన చిన్నవాడిని ఆ సంతలో తన మూల దాటనివ్వడం లేదు.

బయటి దేశాల్లో ఏం చేస్తున్నారో కూడా చూద్దాం. అమెరికాలో అమ్మకం పన్ను రాష్ట్రాల చేతిలో ఉంటుంది. 1992లో అక్కడి సుప్రీంకోర్టు, క్విల్ అనే కేసులో, ఒక రాష్ట్రంలో దుకాణమో సిబ్బందో లేని వ్యాపారిని పన్ను వసూలు చేసి కట్టమని ఆ రాష్ట్రం బలవంతపెట్టకూడదని చెప్పింది. ఆన్‌లైన్ వ్యాపారం పెరిగాక రాష్ట్రాల ఆదాయానికి గండి పడింది. సౌత్ డకోటా రాష్ట్రం కొత్త చట్టం తెచ్చింది. దాని మీద వేఫేర్ అనే ఆన్‌లైన్ సంస్థతో జరిగిన కేసులో 2018 జూన్‌లో సుప్రీంకోర్టు పాత తీర్పును పక్కన పెట్టింది. ఇక నుంచి దుకాణం లేకపోయినా పన్ను అడగవచ్చని చెప్పింది. అయితే సౌత్ డకోటా చట్టంలో చిన్నవాళ్లకు రక్షణ ఉంది. ఆ రాష్ట్రంలో ఏడాదికి లక్ష డాలర్ల అమ్మకమో, రెండు వందల లావాదేవీలో ఉన్న వ్యాపారులకే అది వర్తించింది. కోర్టు కూడా ఆ రక్షణను ప్రత్యేకంగా ప్రస్తావించింది. తర్వాత అమ్మకం పన్ను ఉన్న రాష్ట్రాలన్నీ ఏదో ఒక పరిమితి పెట్టుకున్నాయి. పెద్ద ఆన్‌లైన్ వేదికల ద్వారా జరిగే అమ్మకాల మీద పన్ను వసూలు బాధ్యతను ఆ వేదికలకే అప్పగించాయి. యూరప్‌లోనూ ఇదే ధోరణి. 2021 జులై 1 నుంచి యూరోపియన్ యూనియన్‌లో ఒకే చోట రిటర్ను వేసి అన్ని సభ్యదేశాల పన్నూ కట్టే ఏర్పాటు ఉంది. సరిహద్దు దాటే అమ్మకాలు ఏడాదికి పదివేల యూరోలు దాటని చిన్న వ్యాపారి తన దేశపు పన్ను నిబంధనలతోనే సరిపెట్టుకోవచ్చు. గమనించండి. అక్కడ దాటేది దేశాల సరిహద్దు. అక్కడ కూడా చిన్నవాడికి ఒక పరిమితి ఉంది. మన దేశంలో దాటేది జిల్లా పక్కన జిల్లా. ఇక్కడ పరిమితి సున్నా.

ఇక అభ్యంతరాలకు జవాబు చెప్పాలి. మొదటిది, వాడుకున్న రాష్ట్రానికి ఆదాయం తగ్గదా? కొంత తగ్గుతుంది. కానీ పోల్చాల్సింది దేనితో? కోదాడలోనే పచ్చళ్లు అమ్మే చిన్న దుకాణం ఉందనుకోండి. దాని టర్నోవర్ 20 లక్షల లోపైతే అది కూడా పన్ను వసూలు చేయదు. మరి కోదాడ చిన్న దుకాణానికి ఉన్న వెసులుబాటు జగ్గయ్యపేట చిన్న దుకాణానికి కోదాడలో ఎందుకు ఉండకూడదు? పైగా రిజిస్ట్రేషన్ లేనివాళ్లు అసలు పన్నే కట్టడం లేదనుకోవడం పొరపాటు. వాళ్లు కొనే నూనె మీద, సీసాల మీద, కొరియర్ ఛార్జీల మీద పన్ను కడుతూనే ఉన్నారు. దాన్ని వెనక్కి తీసుకునే హక్కు వాళ్లకు లేదు. ఆ మేరకు ఖజానాకు డబ్బు చేరుతూనే ఉంది.

రెండో అభ్యంతరం ఇంకా బలమైనది. పెద్ద వ్యాపారి పదిమంది పేర్లతో పది చిన్న ఖాతాలు తెరిచి పన్ను ఎగ్గొట్టడా? ఈ భయం నిజమైనదే. దీన్ని తేలిగ్గా కొట్టిపారేయకూడదు. కానీ ఈ మోసం రాష్ట్రం లోపల కూడా జరగవచ్చు. అయినా 2023లో ప్రభుత్వం ఆ వెసులుబాటు ఇచ్చింది. ఎందుకిచ్చింది? ఆన్‌లైన్ అమ్మకం కాగితం లేని అమ్మకం కాదు కాబట్టి. పాన్ నంబరు ఉంటుంది. బ్యాంకు ఖాతా ఉంటుంది. ప్రతి పార్సిల్‌కూ చేరిన చిరునామా ఉంటుంది. అవన్నీ ఈ-కామర్స్ సంస్థ దగ్గర ఉంటాయి. ఎంత అమ్మారన్నది ఆ సంస్థ ప్రతినెలా ప్రభుత్వానికి నివేదిస్తుంది. రిజిస్ట్రేషన్ ఉన్న అమ్మకందారుల సొమ్ములోంచి 2018 అక్టోబరు నుంచి కొంత శాతం పన్ను ముందుగానే పట్టుకుని జమ చేస్తోంది కూడా. మొదట అది ఒక శాతం. 2024 జులై 10 నుంచి అర శాతం. అంటే దొంగ ఖాతాలను పట్టుకోవడానికి కావాల్సిన సమాచారం వ్యవస్థలోనే ఉంది. దాన్ని వాడి మోసగాడిని పట్టుకోవాలి. మోసగాడు ఉంటాడేమోనన్న అనుమానంతో నిజాయితీగా బతికేవాళ్లందరికీ తలుపు మూయకూడదు.

మూడో అభ్యంతరం మంచి మనసుతో చెప్పేది. రిజిస్ట్రేషన్ ఉంటే వ్యాపారానికి గుర్తింపు వస్తుంది, పన్ను క్రెడిట్ వస్తుంది, బ్యాంకు రుణం తేలికవుతుంది, కాబట్టి అందరినీ అందులోకి తేవడమే మేలు అంటారు. రిజిస్ట్రేషన్ వల్ల లాభాలున్న మాట నిజం. అందుకే స్వచ్ఛందంగా తీసుకునే వీలు చట్టంలోనే ఉంది. ఎదిగిన వ్యాపారి ఆ లాభం చూసి తానే వస్తాడు. కానీ మొదటి సీసా అమ్మకముందే ఆ భారం నెత్తిన పెడితే చాలామంది వ్యాపారమే మొదలుపెట్టరు. లేదా వేరొకరి జీఎస్టీ నంబరు మీద అమ్ముతారు. రెండోది ఇంకా ప్రమాదం. నిబంధన మోయలేనంత బరువైతే మనుషులు నిజాయితీగా ఉండడం కష్టమవుతుంది.

2025 సెప్టెంబరు 3న జరిగిన సమావేశంలో జీఎస్టీ కౌన్సిల్ మరో విషయం ఒప్పుకుంది. ఈ-కామర్స్ ద్వారా చాలా రాష్ట్రాల్లో అమ్మే చిన్నవాళ్లు ప్రతి రాష్ట్రంలో ఒక వ్యాపార చిరునామా చూపించలేక ఇబ్బంది పడుతున్నారని, వాళ్లకు సులభమైన రిజిస్ట్రేషన్ విధానం ఉండాలని సూత్రప్రాయంగా ఆమోదించింది. ఇది స్వాగతించాల్సిన నిర్ణయం. కానీ సులభమైన రిజిస్ట్రేషన్ కూడా రిజిస్ట్రేషనే. అది కాస్త పెద్దవాళ్లకు, వేరే రాష్ట్రాల గోదాముల్లో సరుకు ఉంచేవాళ్లకు ఎక్కువ ఉపయోగం. అసలు చిన్నవాళ్లకు కావాల్సింది ఒక్కటే. సేవలకు ఇచ్చిన 20 లక్షల పరిమితిని ఆన్‌లైన్లో రాష్ట్రం దాటే సరుకులకు కూడా ఇవ్వాలి. కొత్త పరిమితి అడగడం లేదు. పెద్ద పరిమితి అడగడం లేదు. ఉన్న పరిమితే సరిహద్దు దాటాలి. ఎన్‌రోల్‌మెంట్ నంబరు ఉండాలి, ఈ-కామర్స్ సంస్థ లెక్క చెప్పాలి, పరిమితి దాటిన రోజున పూర్తి రిజిస్ట్రేషన్‌కు మారాలి. ఇంతే.

చట్టం మారేదాకా మాత్రం ఉన్న చట్టాన్ని పాటించాలి. అమ్మకందారులైన శ్రోతలకు కొన్ని మాటలు చెబుతాను. ఆర్డరు తీసుకునేముందు సరుకు ఎక్కడికి వెళుతుందో చూడండి. సొంత రాష్ట్రంలోనే, పరిమితి లోపలే అమ్మేటట్టయితే ఈ-కామర్స్ వేదిక కోసం ఎన్‌రోల్‌మెంట్ నంబరు తీసుకోండి. రాష్ట్రం దాటి పన్ను పడే సరుకు అమ్మదలచుకుంటే ముందే రిజిస్ట్రేషన్ చేయించుకోండి. అమ్మకాలు లేని నెలల్లో కూడా రిటర్ను మానకండి. మీ పేర పట్టుకున్న పన్ను ఈ-కామర్స్ సంస్థ జమ చేసిందో లేదో పోర్టల్‌లో సరిచూసుకుని తీసుకోండి, అది మీ డబ్బు. మీ హస్తకళా వస్తువుకు సడలింపు ఉందేమో అడిగి తెలుసుకోండి. అన్నిటికంటే ముఖ్యం, ఇంకొకరి జీఎస్టీ నంబరు మీద అమ్మకండి, మీ నంబరు ఇంకొకరికి ఇవ్వకండి.

జీఎస్టీ కౌన్సిల్‌లో మన రెండు తెలుగు రాష్ట్రాల మంత్రులూ సభ్యులే. సరిహద్దుకు అటూ ఇటూ ఉన్న చిన్న అమ్మకందారుల ఇబ్బంది వాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. వాళ్లిద్దరూ కలిసి ఈ ప్రతిపాదనను కౌన్సిల్ ముందు పెట్టాలని కోరుతున్నాను. మహిళా సంఘాలు, చేనేత సహకార సంఘాలు, చిన్న వ్యాపారుల సంఘాలు ఈ విషయమై తమ ప్రజాప్రతినిధులకు రాతపూర్వకంగా విన్నవించాలి. పన్ను కట్టడం పౌరుడి బాధ్యత. ఆ బాధ్యతను చిన్నవాడు కూడా మోయగలిగేలా ఉంచడం ప్రభుత్వ బాధ్యత.